పాత స్టీల్ ఫ్రేముతో టూరింగ్ సైకిల్ కట్టొచ్చా?

బెజవాడ నుంచి శ్రీశైలం, 15 కిలోల సామానుతో వెళ్దామని ప్లాను. ఇంట్లో పాత 26 అంగుళాల చక్రాల స్టీల్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉంది. దాన్నే బాగుచేయించనా, అల్యూమినియం ఫ్రేము కొననా?

› దాన్నే ఉంచండి బ్రదర్. స్టీల్ విరిగితే దారిలో ఏ వెల్డింగ్ షాపులోనైనా అతికిస్తారు, అల్యూమినియానికి ఆ సుఖం లేదు. డబ్బులన్నీ వెనక చక్రం మీద పెట్టండి: 36 స్పోకులు, డబుల్ వాల్ (రెండు పొరల) రిమ్ము, క్యాసెట్ హబ్బు (చక్రం మధ్య భాగం, కుడి బేరింగు ఇరుసు చివరికి దగ్గరగా ఉండే రకం). గేర్ల పళ్లచక్రాలన్నీ ఒకే ముద్దగా మరతో బిగించే మామూలు ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బరువుకి ఇరుసు వంగుతుంది. నాది నరసరావుపేట దాటాక పుటుక్కుమంది, గుంటూరుకి ఆటోలో తెచ్చుకున్నా, సైకిల్ నా ఒళ్లో!

› గేర్లలో ముందు చిన్న చక్రానికి 22 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34 ఉండేలా పెట్టించండి. నల్లమల ఘాట్‌లో మోకాళ్లు బతుకుతాయి.

› క్యారియర్ బిగించడానికి వెనక ఇరుసు దగ్గర బోల్టు రంధ్రాలున్నాయా, ముందుగా అది చూసుకోండి.

› ఉన్నాయండీ, తుప్పు పట్టి.