ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్ రేవును ముంచింది రైలా, ఒండ్రా?

ఊజ్_ఒడ్డు: నిన్న ఆటు సమయంలో సౌత్ కీ అనే నది గట్టు మీద నడిచాను. గట్టు కింద బూడిదరంగు బురద, అందులో ఒరిగిపోయిన ఒక పడవ. 1475లో హన్సా (ఉత్తర జర్మనీ వర్తక సంఘం) వర్తకులు గోదాము కట్టుకున్న రేవు ఇది! నా లెక్కలో ముంచింది రైలే. 1846-47లో పట్టాలు వచ్చాక, నది మీద లోపలి ఊళ్లకు వెళ్లే బొగ్గు, అక్కడి నుంచి వచ్చే ధాన్యం రైలెక్కేశాయి.

పాతపటం: ఒండ్రు సంగతి మర్చిపోయారా? 1821లో లిన్‌కు ఎగువన గ్రేట్ ఊజ్ నది వంపు తప్పించి కొత్త కాలువ తవ్వింది సరదాకా?

ఊజ్_ఒడ్డు: ఒండ్రుకే రేవు పోతే 1869లో అలెగ్జాండ్రా డాక్, 1883లో బెంటింక్ డాక్ ఎందుకు కట్టారండీ?

పాతపటం: నదిలో ఆటుకి ఓడ బురదలో కూర్చుంటుంది కాబట్టే, తలుపులేసి నీళ్లు నిలబెట్టే డాకులు కట్టారు. వాటి దాకా పట్టాలూ వేశారు. అంటే మీరు తిడుతున్న రైలే రేవును బతికించింది.

చేపలపులుసు: హన్సా వాళ్లు కట్టింది గోదాము ఒక్కటే కాదు. ఇళ్లు, ఆఫీసు, కొట్లు, మధ్యలో ముంగిలి. ముందు అది సరిచేయండి.

రాత్రి_డ్యూటీ: మేము నది పక్కన ఫ్లాట్ కొన్నాం. 2013 డిసెంబర్‌లో ఆ ఒడ్డు మీదికి సముద్రపు పోటు వచ్చిందని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు తెలిసింది.

ఊజ్_ఒడ్డు: మీ ఇన్సూరెన్స్‌కీ 1847కీ ఏం సంబంధం?

రాత్రి_డ్యూటీ: మీరు వారానికోసారి వచ్చి బురద ఫొటో తీసి, వైభవం పోయిందని ఏడుస్తారు. ఆ వాసనతో నిద్రలేచేది మేము.

పాతపటం: ఆ మాట నిజమే. ఇంతకీ ఆయనకు ఏం కావాలట? 1683 నాటి కస్టమ్ హౌస్ (పాత సుంకం ఆఫీసు) ముందు మళ్లీ లారీలు తిరగాలా?

ఊజ్_ఒడ్డు: తిరిగితే ఏం? డాకుల్లోకి ఇప్పటికీ ఓడలు వస్తున్నాయి, పడవలు కట్టే ఫిషర్ ఫ్లీట్ పాయలో రొయ్యల పడవలున్నాయి. నేను తొమ్మిదేళ్లు గోదాములో సరుకు దించినవాణ్ణి. ఒడ్డంతా కిటికీలోంచి చూడ్డానికే అయితే, మాలాంటివాళ్లు పనికి ఎక్కడికి పోవాలి?

చేపలపులుసు: అయితే గొడవ రైలుతో కాదన్నమాట.

పాతపటం: ఈ మాట మొదటే చెప్పుంటే సగం తగాదా ఉండేది కాదు. అయినా కాలువ విషయంలో నేను తగ్గను.

రాత్రి_డ్యూటీ: మీరు కానివ్వండి. ఎవరైనా పోటు పట్టిక చూసి చెప్పండి, రేపు నీళ్లు ఎన్ని గంటలకు పైకొస్తాయి? కారు గట్టు మీదే ఉంది.