ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం తీసిన ఫోటోల్లో ఆకాశం తెల్లగా పోతోంది: ఫిల్టర్ కొనాలా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

రెండు నెలలుగా ప్రతి ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌ను ఫోటో తీస్తున్నాను. సూర్యుడు నెక్లెస్ రోడ్డు వైపు దిగుతున్న వేళ నీళ్లకు తగినట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి పడనిచ్చే వెలుతురు) పెడితే ఆకాశం తెల్లకాగితంలా మిగులుతోంది, ఆకాశాన్ని కాపాడుకుంటే నీళ్లూ బుద్ధ విగ్రహమూ నల్లబడిపోతున్నాయి. దుకాణంలో పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి మెరుపును తగ్గించుకునే ఫిల్టర్) తీసుకోమన్నారు. వచ్చే నెల బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్తున్నాము కాబట్టి, సముద్రం దగ్గర కెమెరాకు తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా చెప్పగలరు.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి)

దయచేసి దీనికోసం పోలరైజర్ కొనకండి. సూర్యుడు మనకు పక్కన, దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడే అది ఆకాశం మీద బాగా పనిచేస్తుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఆకాశంలో పెద్ద తేడా కనిపించదు, పైగా నీటి మీది మెరుపును, అంటే మీరు వెళ్లిందే దేనికోసమో దాన్ని, తగ్గించే అవకాశం ఉంది. సగం నల్లగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ సముద్రం దగ్గర చక్కగా ఉపయోగపడుతుంది గాని, ఇక్కడ 1992లో నెలకొల్పిన బుద్ధ విగ్రహం నీటిగీత దాటి ఆకాశంలోకి లేచి ఉంటుంది కనుక, విగ్రహం పైభాగం కూడా దానితోపాటు నల్లబడుతుంది.

నా అనుభవంలో అసలు మందు ఓపిక. సూర్యుడు మునిగాక పావుగంట, ఇరవై నిమిషాలు అక్కడే ఉండండి. ఆకాశానికీ నీళ్లకూ మధ్య వెలుతురు తేడా అప్పుడు బాగా తగ్గుతుంది. రా ఫైలుగా (కెమెరా పట్టిన వివరాలన్నీ ఉండే ఫైలు), ట్రైపాడ్ మీద, రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు లేదా సగం అవుతుంది) మూడు ఫోటోలు తీసి కలపవచ్చు.

జవాబు (బాపట్ల నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవారు)

సూర్యలంకలో సూర్యోదయమే ముఖ్యం కనుక చీకటితోనే ఒడ్డుకు చేరండి. అల వెనక్కి జారుతున్నప్పుడు అర సెకను షట్టర్ పెడితే తడి ఇసుక మీద నురుగు గీతలు గీతలుగా పడుతుంది, ఆ దృశ్యం నాకు ఎంతో ఇష్టం. అయితే అల కాళ్ల కిందికి రాగానే ట్రైపాడ్ కుంగుతుంది కాబట్టి ముందే దాన్ని ఇసుకలోకి గట్టిగా నొక్కి నిలపాలి. లెన్స్ మీద ఉప్పుతుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి. ఇసుక రేణువుంటే గీత పడుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తరువాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఒడ్డున లెన్స్ మార్చవద్దు. బసకు రాగానే ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ప్రశ్న అడిగినవారు

మారేడ్‌పల్లి వారు చెప్పినట్టే నిన్న ఆగాను. నీళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి, విగ్రహం అంచులు స్పష్టంగా వచ్చాయి. కానీ మూడు ఫోటోలు కలిపితే ఒకే పడవ మూడు చోట్ల కనిపిస్తోంది.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి)

కదిలే పడవ విషయంలో అది తప్పదండీ. పడవ ఉన్నంత మేర మధ్య ఎక్స్‌పోజర్‌ను మాత్రమే ఉంచి, మిగతా రెండింటి నుంచి ఆ భాగాన్ని చెరిపేయండి.