మేడ మీద శనివారం సినిమా: మన వైజాగు వైజాగులాగే కనిపించేవి చెప్పండి

పెదవాల్తేరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది పెదవాల్తేరులో మూడంతస్తుల పాత అపార్ట్‌మెంటు, మొత్తం తొమ్మిది ఫ్లాట్లు. మా ఆయన క్రికెట్ కోసమని ప్రొజెక్టరు కొన్నారు. ఆ ముచ్చట రెండు మ్యాచ్‌లతో తీరిపోయింది. ఇప్పుడది ప్రతి శనివారం రాత్రి మేడెక్కుతోంది. మావాళ్ళు, పక్క ఫ్లాట్లవాళ్ళు, వాచ్‌మన్ కుటుంబం కలిపి పాతికమంది దాకా చేరతారు. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకోవాలి, జంతికలు మాత్రం ఉమ్మడి.

తెర అంటే తెల్ల దుప్పటే. సముద్రం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదటి వారం మాయాబజార్ వేశాం. సరిగ్గా వివాహ భోజనంబు పాట దగ్గర గాలి తిరిగి దుప్పటి బుంగలా ఉబ్బింది. ఎస్వీ రంగారావు గారి పొట్ట తెరలోంచి మా మీదికి పొంగుకొచ్చింది. అది కూడా సినిమాలోదే అనుకుని పిల్లలు ఒకటే చప్పట్లు. మర్నాడు మా ఆయన దుప్పటి కింది అంచు మడిచి కుట్టించి అందులో కర్టెన్ రాడ్డు దూర్చారు. అప్పట్నుంచి ఘటోత్కచుడు అదుపులో ఉన్నాడు.

ఆ రోజే ఇంకో గొడవ. 1957 నాటి నలుపు తెలుపుదా, 2010లో రంగులద్ది విడుదల చేసిందా? పిల్లలు రంగుదే కావాలన్నారు. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "సావిత్రికి ఇప్పుడు కొత్తగా రంగు పూసేదేవిటి, ఆవిడకేం తక్కువైందని?" అన్నారు. నాకు రంగుది మరీ అంత చెడ్డగా అనిపించలేదు గానీ, లాహిరి లాహిరి పాటలో మార్కస్ బార్ట్‌లీ గారు కెమెరాతో కాయించిన వెన్నెలకి రంగు తగలగానే అది వెన్నెలలా ఉండదు. ఆ విషయంలో నా ఓటు అత్తయ్యగారికే.

సరే, అసలు ప్రశ్న. పోయిన నెల ఓ సినిమా వేశాం, పేరెందుకులెండి. హీరో "గోవా వచ్చేశాం" అని కారు దిగాడు. వెనకాల చూస్తే మన వైజాగు డాల్ఫిన్స్ నోస్ కొండ! మేడంతా ఒకటే నవ్వు. వాచ్‌మన్ కొడుకైతే "అక్కా, మనం గోవాలో ఉన్నామా?" అని అడిగాడు. మన ఊళ్ళో ఇన్ని సినిమాలు తీస్తారు, ఎప్పుడు చూసినా ఊరికి వేరే వేషమే. అలా కాకుండా వైజాగు వైజాగుగానే ఉన్న సినిమాలు కావాలి.

అత్తయ్యగారు 1976లో ఈ ఊరికి కోడలిగా వచ్చారు. ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. "కళ్ళొచ్చాయిగా, మా అప్పటి బీచ్ రోడ్డు ఒకసారి చూపించవే" అంటున్నారు. ఫొటోలు మూడో నాలుగో ఉన్నాయి, వాటిలో అన్నీ మనుషుల మొహాలే, వెనక రోడ్డు కనబడదు. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత ఈ ఊరొచ్చినవాళ్ళకి ఇక్కడి చెట్ల సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. మా పిల్లాడు 2015లో పుట్టాడు, వాడికి అదంతా కథే.

షరతులు: మామయ్యగారి పక్కన కూర్చుని తలదించుకునే సీన్లు ఉండకూడదు. రాత్రి పదిన్నరకి అయిపోవాలి. మూడో అంతస్తులో అమ్మాయికి పదో తరగతి పరీక్షలు, కాబట్టి ఫైటింగులు తక్కువుంటే మంచిది.

డాక్‌యార్డు రిటైర్డు:

అమ్మా, దీనికి ఆలోచించేదేముంది? మరోచరిత్ర. 1978, బాలచందర్ గారు. అప్పుడు నేను డాక్‌యార్డులో అప్రెంటిస్‌ని. ఆరుగురం నాలుగు సైకిళ్ళ మీద వెళ్ళి చూశాం. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాం.

మీ అత్తగారు అడిగిన ఊరు అచ్చంగా అందులో ఉంది. బీచిలో ఇప్పుడున్న కుర్సుర సబ్‌మెరైన్ లేదు, అది వచ్చిందే 2002లో కదా. ఖాళీ ఇసుక, అలలు, భీమిలి పాత గోడలు, అంతే. నలుపు తెలుపు సినిమా కాబట్టి రంగు పంచాయితీ కూడా రాదు. కమల్‌హాసన్ తమిళ కుర్రాడు, పక్కింటి తెలుగమ్మాయి సరిత. ఆ అమ్మాయికి అదే మొదటి సినిమా. లిఫ్టులో ఇరుక్కుపోయినప్పుడు అతను తెలుగు సినిమాల పేర్లన్నీ గుచ్చి పాట పాడతాడు చూడండి, ఆత్రేయ గారి పనితనం అది. మేం ఆ పాటలో ఎన్ని సినిమాలున్నాయో లెక్కపెట్టి టీ పందేలు కాసేవాళ్ళం. నేను ఓడిపోయిన టీలే ఎక్కువ.

ఇంకో సంగతి. దీన్ని తమిళంలోకి డబ్ చెయ్యకుండా తెలుగులోనే మద్రాసులో వేస్తే 500 రోజులు దాటి ఆడింది. తర్వాత 1981లో హిందీలో తీసినప్పుడు కథని గోవాకి మార్చేశారు. మీ గోవా గొడవ ఇప్పటిది కాదమ్మా.

భీమిలి గోడల మీద పేర్లు గీసి పాడుచేసిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరి పేరు రాశానో ఇక్కడ చెప్పను, మా ఆవిడ కూడా చదువుతుంది.

జంధ్యాల దగ్గరి చుట్టం:

రిటైర్డు గారూ, ఆఖరున ఏమవుతుందో చెప్పకుండా పిల్లల ముందు వెయ్యమంటారేంటండీ? ఇద్దరూ చచ్చిపోతారు! శనివారం పూట, జంతికలు నముల్తూ!

కోడలు గారూ, మీ షరతులకి జంధ్యాల గారే మందు. 1982లో వచ్చిన నాలుగు స్తంభాలాట వెయ్యండి. మన ఊళ్ళో తీసిందే. ఎవరైనా వదలకుండా బుర్ర తింటుంటే "సుత్తి కొట్టకు" అంటాం చూడండి, ఆ మాట అందులోంచే ఊరి మీద పడింది. అందులో నవ్వించిన వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఇంటిపేరయి కూర్చుంది. ఇక చినుకులా రాలి పాట మొదలైతే మీ మేడ మీద నలభై దాటినవాళ్ళందరూ ఒక్కసారి గొంతు కలుపుతారు, రాసిపెట్టుకోండి. పరీక్షల పిల్లకి అది ఫైటింగుల కంటే ప్రమాదం.

దాని తర్వాత శ్రీవారికి ప్రేమలేఖ, 1984. అందులో శ్రీలక్ష్మి గారు సినిమా కథ చెప్పడం మొదలెడితే టైటిళ్ళ దగ్గర్నుంచీ చెబుతారు, మ్యూజిక్కుతో సహా. మా పిన్ని ఇప్పటికీ అలాగే చెబుతుంది. దాని నోట సినిమా వినేకంటే వెళ్ళి చూసి రావడమే తొందరగా అవుతుంది.

ఫస్ట్ డే ఫస్ట్ షో:

అన్నీ ముసలి సినిమాలేనా గురూ? దుప్పటి మీద సినిమా ఏంటసలు. సినిమా అంటే హాల్లో, జనం మధ్యలో. 2022లో మహేష్ బాబు పుట్టినరోజుకి పోకిరి మళ్ళీ వేశారు, నేను తెల్లారకుండా లైన్లో ఉన్నా. రిలీజైనప్పుడు నాకు ఆరేళ్ళు. ప్రతి డైలాగూ హాలంతా కలిసి చెప్పాం. ఆ కిక్కు మేడ మీద రాదు.

పెదవాల్తేరు కోడలు:

తమ్ముడూ, నేనూ వెళ్ళాలే ఓ రీ-రిలీజుకి. నాకు ప్రాణమైన సినిమా. రెండున్నర గంటల్లో ఒక్క మాట వినబడితే ఒట్టు. మొదటి పాటకే కాగితం ముక్కలు, రెండో పాటకి కుర్రాళ్ళు కుర్చీల చేతుల మీదెక్కి గెంతులు, మూడో పాటకి ఒక కుర్చీ చెయ్యి ఊడి నా ఒళ్ళో పడింది. హాలు పేరు చెప్పను, వాళ్ళదీ తప్పు లేదు. ఊడిన చెయ్యి ఇంటర్వెల్లో తీసుకెళ్ళి ఇస్తే "అక్కడ పెట్టండమ్మా" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అప్పటికే అక్కడ నాలుగున్నాయి. మీ కిక్కు మీదే. నాకు మాట వినబడాలి, అంతే.

కంచరపాలెం మెట్టు:

ఏటండీ, ఇందాకట్నించి సూత్తన్నాను, మా సినిమా పేరు ఒక్కరూ ఎత్తట్లేదు. కేరాఫ్ కంచరపాలెం, 2018. వెంకటేష్ మహా గారు తీసినారు. నటించినోల్లు సానామంది మా పేటోల్లే, అంతకుముందు కెమెరా మొకం ఎరగరు. టీ కొట్టు కాడ రోజూ కనబడే మనిషి తెర మీద కనబడితే ఎలాగుంటాదో తెల్సా? మా అమ్మ హాల్లోనే "ఒలే, ఈడికి ఇన్ని మాటలొచ్చేటి!" అని అరిసేసినాది. నిర్మాత పరుచూరి ప్రవీణ గారు అమెరికాలో డాట్రమ్మ, ఆవిడే సలీమా వేసం కూడా యేసినారు. మొకమంతా కప్పేసి ఉంటాది, కల్లతోటే సేసినారు సగం సినిమా.

బీచి కోసమైతే ఇది కాదండి. రైలు పట్టాలు, ఇరుకు సందులు, గవర్నమెంటాపీసు, బ్రాందీ సాపు, ఇదీ మా ఊరు. యాభైకి దగ్గరపడినా పెల్లి కాని అటెండరు రాజు గారు, ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఒడిశా మేడమ్ గారు. దాంతోపాటు ఇంకో మూడు కథలు నడుస్తాయి. సివరాకరికి ఆ నాలుగు కథలూ

జంధ్యాల దగ్గరి చుట్టం:

ఆపు బాబూ, ఆపు! చూడనివాళ్ళున్నారిక్కడ!

కంచరపాలెం మెట్టు:

సారీ అండి. నోరు జారిపోబోయింది. సెప్పనులెండి. ఒక్కటి మాత్తరం, సిన్నపిల్లల కథలో పాట కాసింత జాగర్తగా ఇనండి.

పెదవాల్తేరు కోడలు:

మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించండి. ఒక శనివారం వాన మింగేసింది.

ముందు మరోచరిత్ర వేశాం. ఊరు కనబడ్డప్పుడల్లా అత్తయ్యగారు సినిమా ఆపించారు. నటులతో ఆవిడకి పనే లేదు, వాళ్ళ భుజాల మీదుగా వెనక్కే చూపు. ఒకచోట తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ కూర్చునేవాళ్ళం మేం" అన్నారు. అదే చోటని నేను ఒట్టు పెట్టలేను. మామయ్యగారు మాత్రం ఏమీ అనకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లిఫ్టు పాటలో సినిమా పేర్ల పందెం మేమూ పెట్టాం. వాచ్‌మన్ భార్య గెలిచింది, ఆవిడకి పోటీ లేదు.

ఆఖరి అరగంట ఉందనగా అత్తయ్యగారు లేచి "పెళ్ళయిపోయింది, కథ అయిపోయింది, పదండి పడుకోండి" అని పిల్లల్ని కిందికి తోలేశారు. వాళ్ళు నమ్మారు. మిగతాది పెద్దవాళ్ళం చూశాం. చుట్టం గారూ, మీరు అరిచి మంచి పని చేశారు.

తర్వాతి వారం కేరాఫ్ కంచరపాలెం. మెట్టు గారూ, మీ మాట గుర్తుంది కాబట్టి చెవులు రిక్కించుకునే కూర్చున్నా. అయినా పిల్లలే ముందు పట్టేశారు. సునీత స్కూల్లో పాట ఎత్తుకోగానే మావాడు చాప మీంచి ఎగిరి "ఇది మన సినిమా పాట!" అన్నాడు. అవును, భలే భలే మగాడివోయ్, పోయిన వారం ఇదే దుప్పటి మీద విన్న పాట. జంతికలు పట్టుకుని అందరూ ఒకటే గోల.

అత్తయ్యగారు ఒక్కరే మాట్లాడలేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంటున్నారు. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి "ఆ పాట వచ్చినప్పుడు ఈ గుంటడికి పదేళ్ళుంటే ఇప్పుడెన్ని వచ్చుంటాయే?" అని అడిగారు. నేను చెప్పేలోపే మళ్ళీ అటెండరు గారి సీను మొదలైంది. ఆవిడ తెర వంక చూశారు, నా వంక చూశారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. క్లైమాక్స్ దాకా కిక్కురుమనలేదు. మేడ దిగుతున్నప్పుడు "నాకు గంట ముందే తెలుసు" అని తొమ్మిది ఫ్లాట్లకీ ప్రకటించారు.

వచ్చే శనివారం నాలుగు స్తంభాలాట. మూడో అంతస్తు అమ్మాయి పరీక్షలు నిన్నటితో అయిపోయాయి, సౌండు పెంచుకోవచ్చు. ఫస్ట్ షో తమ్ముడూ, ఈ చుట్టుపక్కలే ఉంటే నువ్వూ రా. చాప తెచ్చుకో, కాగితాలు తేకు.