సీజనల్ యానిమేకి వైరు హెడ్‌ఫోన్ పెట్టుబడి దండగా?

అనంత_25గంటలు (అనంతపురం)
జపాన్ యానిమే (బొమ్మల సిరీస్‌లు) జనవరి సీజన్ మొదలైతాంది, ఈసారి వారానికి నాలుగు సిరీస్‌లు పట్టుకోవాలని ఉండాది. ఇప్పుడు వాడేది మామూలు బ్లూటూత్ నెక్‌బ్యాండ్. 15 వేలు పెట్టి ఓపెన్‌బ్యాక్ వైరు హెడ్‌ఫోన్, ఒక డాంగిల్ (ఫోన్ టైప్-సీ రంధ్రానికి హెడ్‌ఫోన్ కలిపే కన్వర్టర్) తీసుకుంటే స్ట్రీమింగ్‌లో వచ్చే యానిమేకి తేడా తెలుస్తాదా, లేదా అది పాటలు వినేటోళ్ల ఖర్చేనా? ఎక్కువగా ఫోన్లో, అప్పుడప్పుడు ల్యాప్‌టాప్‌లో చూస్తా. జపాన్‌లో 25:30 స్లాట్, అంటే ఆడ అర్ధరాత్రి దాటినాక ఒకటిన్నర, మనకు రాత్రి 10 గంటలు. అప్పటికి ఇంట్లో అందరూ పడుకుంటారు, స్పీకర్ కుదరదు.

ఓమ్స్_లా (కర్నూలు)
తెలుస్తుంది. స్ట్రీమింగ్‌లో వచ్చేదే ఏఏసీ, అంటే ఒకసారి కుదించిన శబ్దం. నీ ఫోన్ దాన్ని విప్పి నెక్‌బ్యాండ్‌కు మళ్లీ ఎస్‌బీసీలోనో ఏఏసీలోనో కుదించి పంపుతుంది. ఎస్‌బీసీ బాగా నడిచినప్పుడు 328 కేబీపీఎస్. రెండుసార్లు కుదించాక ముందుగా పాడయ్యేవి సింబల్స్, హై-హ్యాట్, కోరస్ గొంతులు. ఓపెనింగ్ పాటలో 90 సెకన్లలోనే గిటార్, తీగ వాయిద్యాలు, సింథ్, కోరస్ అన్నీ కుక్కి ఉంటారు కాబట్టి అక్కడే బయటపడుతుంది. డైలాగు వరకైతే పెద్దగా పట్టదు.
అంతకంటే పెద్ద రోగం ఆలస్యం. ఎస్‌బీసీలో 150 నుంచి 250 మిల్లీసెకన్లు మామూలే. వైరులో ఆ బాధే లేదు. ఇక నీ ఇష్టం.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
మళ్లీ ఎత్తుకున్యావా సామీ ఆ ఆలస్యం కత. అది గేములు ఆడేటోళ్ల బాధ. వీడియోకైతే ఫోన్ ఆ హెడ్‌సెట్ ఎంత లేటో లెక్కేసుకోని బొమ్మను గూడా అంతే వెనక్కి ఆపుతాది. యాప్‌లో ప్లే నొక్కి చూడు, పెదాలు, మాట కలిసే ఉంటాయి. ఉన్న నెక్‌బ్యాండ్ పారేసి 15 వేలు పెట్టమంటాండావు పిల్లోన్ని.

బురుజు_నీడ (కర్నూలు)
పాప్‌కార్న్ తెచ్చుకుంటాండా.

ఓమ్స్_లా (కర్నూలు)
"లెక్కేసుకోని" అన్నావు చూడు, అక్కడే ఉంది కిటుకు. హెడ్‌సెట్ తన ఆలస్యం ఇంత అని చెబితే ఫోన్ దాన్ని నమ్ముతుంది. చవక చిప్‌లు కొన్ని తప్పు చెబుతాయి, కొన్ని అసలు చెప్పవు. అప్పుడు ఫోన్ తనకు తోచిన అంకె వేసుకుంటుంది. ఫోన్లో సరిపోయిన నెక్‌బ్యాండే టీవీకి కలిపితే తేలిపోయేది ఇందుకే. ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంస్థ) వాళ్ల బీటీ.1359 అని ఒక సిఫారసు ఉంది: శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా మనిషి కనిపెడతాడు. 90 ముందు, 185 వెనక దాటితే భరించలేడు. నువ్వు కనిపెట్టలేదంటే అది నీ అదృష్టం.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
ఆ అంకెలు నిజం మనుషుల పెదాలు చూసి రాసినవి. యానిమేలో పెదాలు యాడుండాయప్పా? మూసిన నోరు, సగం నోరు, తెరిచిన నోరు, మూడే బొమ్మలు తిప్పుతాంటారు. సెకనుకు 24 ఫ్రేములైనా ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు ఆపుతారు చానా చోట్ల. అంటే ఒక నోటి బొమ్మ తెర మీద 125 మిల్లీసెకన్లు ఉంటాది. నీ బీటీ.1359 చెప్పే 125 దాంట్లోనే కలిసిపాయ. పైగా ఆ జపాన్ నటులే బొమ్మ చూసి తర్వాత గొంతు పెడతారు. వాళ్లకే అక్షరం అక్షరం కలవదు, నీకు నెక్‌బ్యాండ్ మీద కలవాల్నా?

బురుజు_నీడ (కర్నూలు)
ఇది మాత్రం దెబ్బే ఓమ్స్ అన్నా.

ఓమ్స్_లా (కర్నూలు)
నోరు సంగతి వదిలెయ్, సరే. దెబ్బ పడే చోటు చూడు. కత్తీ కత్తీ తగిలే ఫ్రేము, తలుపు ధడాలున మూసుకునే ఫ్రేము, పాట బీటు మీద కట్ అయ్యే ఓపెనింగ్. ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. 200 ఆలస్యమైతే కత్తి తగిలిన అయిదో ఫ్రేముకు ఖంగుమంటుంది. ఓపెనింగ్‌లో ప్రతి కట్టూ బీటు దాటాకే పడినట్టు ఉంటుంది.
నమ్మకపోతే నువ్వే చూసుకో. సొంత ఫైలు ఏదైనా ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీలో తెరువు, నెక్‌బ్యాండ్ కలుపు, తలుపు మూసే సీను పెట్టు. జే, కే అక్షరాలు నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సరిగ్గా కలిసేదాకా ఎన్నిసార్లు నొక్కావో చూసుకో, ల్యాప్‌టాప్ సర్దకుండా వదిలేసిన ఆలస్యం అదే.

అనంత_25గంటలు (అనంతపురం)
అన్నలారా, నాకు ఇంకో డౌటు. యానిమే పెడితే సౌండు తక్కువగా వస్తాది, పాటలు పెడితే అదే వాల్యూమ్‌లో చెవులు పగులుతాయి. ఇట్లుంటే వైరు హెడ్‌ఫోన్‌కు ఆంప్ (సౌండు పెంచే పెట్టె) గూడా కొనాల్నా?

పైమిద్దె (ప్రొద్దుటూరు)
ఆంప్ అక్కర్లేదు. సౌండు తక్కువ రావడం నీ ఫోన్ లోపం కాదు. జపాన్ టీవీలో 2012 అక్టోబరు నుంచి సగటు శబ్దం మైనస్ 24 ఎల్‌కేఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉండాలని నియమం. మ్యూజిక్ యాప్‌లు మైనస్ 14 దగ్గర నడుస్తాయి. ఆ 10 డెసిబెల్స్ తేడానే నీకు "తక్కువ" అనిపించేది. పాట నుంచి ఎపిసోడ్‌కు వచ్చినప్పుడు వాల్యూమ్ పెంచు, ఎపిసోడ్ నుంచి పాటకు పోయే ముందు తగ్గించు. తగ్గించడం మర్చిపోవద్దు, రాత్రిపూట చెవులు పోయేది అక్కడే.
ఇక ఆంప్ లెక్క. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్స్ (కరెంటుకు అడ్డు కొలత) హెడ్‌ఫోన్‌కు 1 వోల్టు ఇస్తే 97 డెసిబెల్స్. మామూలు డాంగిల్ ఫుల్ వాల్యూమ్‌లో 1 వోల్టు ఇస్తుంది అనుకో. మైనస్ 24లో ఉన్న ఎపిసోడ్ సగటున 73 దగ్గర వినిపిస్తుంది, పడుకున్న ఇంట్లో అది చాలు. హెచ్‌డీ 560ఎస్ అయితే 120 ఓమ్స్, 1 వోల్టుకు 110, ఇంకా తేలిక. ఆంప్ డబ్బులు దాచుకో.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
లెక్కలు బాగుండాయి గానీ ఓపెన్‌బ్యాక్ అంటే ఏందో ఆ పిల్లోనికి ఎవరూ చెప్పల్యా. వెనకపక్క జల్లెడ మాదిరి తెరిచి ఉంటాది. లోపలిది బయటికి, బయటిది లోపలికి. మన సీమలో ఏప్రిల్ నెలలో ఫ్యాన్ అయిదులో పెట్టకుండా ఎవడు కూచుంటాడు? ఆ ఫ్యాన్ హోరంతా చెవిలోనే. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఎక్కితే ఫ్యాన్ గుర్రుమంటాది, అది గూడా బోనస్. మెల్లగా మాట్లాడుకునే సీను ఒక్కటి వినపడదు.
నాకు అంటగట్టిన హెడ్‌ఫోనూ ఇట్లాంటి గొప్పదే. ఒక్క ఎండాకాలానికే కుషన్ తోలు పొట్టు పొట్టుగా రాలి మెడనిండా అంటుకున్య. అంగడాయన వారంటీలో రాదు పొమ్మన్య. మళ్లీ ఎవరూ వైరు వైరు అనొద్దు.

ఓమ్స్_లా (కర్నూలు)
కుషన్ రాలితే వైరుది తప్పా? బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు మాత్రం రాలదా? అది రెక్సిన్ పూత, చెమట ఉప్పుకూ వేడికీ పగులుతుంది. మన దగ్గర 42 డిగ్రీల ఎండలో ఏదైనా అంతే. వెలోర్ (మఖమల్ లాంటి బట్ట) కుషన్ తీసుకుంటే రాలదు. విప్పి గోరువెచ్చని సబ్బునీళ్లలో పిండకుండా ముంచి, నీడలో ఆరబెట్టుకోవచ్చు.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
ఫ్యాన్ సంగతి దాటేసినావు.

ఓమ్స్_లా (కర్నూలు)
దాటలేదు. ఫ్యాన్ మూడులో పెట్టుకో.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
కర్నూల్లో కూచోని చెప్పే మాటేనా అది?

బురుజు_నీడ (కర్నూలు)
కర్నూలోడిగా నేను నాగన్న పక్షం.

పైమిద్దె (ప్రొద్దుటూరు)
ఇద్దరూ 15 వేలలోనే తిరుగుతున్నారు. రెండు వేల లోపు వైరు ఇయర్‌ఫోన్‌లు, చెవి లోపలికి పెట్టుకునే ఐఈఎమ్‌లు ఉన్నాయి కదా. ఆలస్యం లేదు, రెండోసారి కుదింపు లేదు, ఫ్యాన్ మోత చాలావరకు ఆగుతుంది, కుషనే లేదు. రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి టిప్స్: పెట్టెలో మూడు సైజులు ఇస్తారు, రెండు చెవులకూ ఒకటే సైజు సరిపోవాలని లేదు. చెవిలో గాలి సందు ఉంటే బేస్ మొత్తం పోతుంది, జనం "ఇది డొక్కు" అని రివ్యూ రాసేది ఆ సందు వల్లనే. రెండోది వైరు చొక్కాకు రాసుకుంటే గరగర. చెవి మీద నుంచి తిప్పి వెనక్కి వేసి, గడ్డం కింద ముడి జారిస్తే తగ్గుతుంది.

అనంత_25గంటలు (అనంతపురం)
ఇది నాకు బాగుండాది. శనివారం డిస్కార్డ్‌లో నలుగురం కలిసి చూస్తాం, అప్పుడు గూడా పనికొస్తాదా? నెక్‌బ్యాండ్ అయితే కాల్‌లోకి పోంగానే సౌండు పాత ల్యాండ్‌లైను మాదిరి అయిపోతాంది.

ఓమ్స్_లా (కర్నూలు)
అదీ బ్లూటూత్ పుణ్యమే. నెక్‌బ్యాండ్ మైకు తెరవగానే ల్యాప్‌టాప్ హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారుతుంది. స్టీరియో పోయి మోనో, అదీ 16 కిలోహెర్ట్జ్ శాంపిలింగే. అంటే 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. డిస్కార్డ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైకు పెట్టు, అవుట్‌పుట్‌గా స్టీరియో అని రాసి ఉన్నది పెట్టు. వైరులో ఈ గొడవే రాదు.
అయినా నాగకు ఇవన్నీ చెప్పి లాభం లేదు. తెలుగు డబ్బింగులో చూసేవాడికి ఏ హెడ్‌ఫోన్ అయినా ఒకటే.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
ఆ. వచ్చినావా అసలు మాటకు. ఇంతసేపూ మిల్లీసెకన్లు, ఓమ్స్ అని తిప్పి తిప్పి ఈడికే తెస్తావని తెలుసు. ప్రతి సీజన్‌కూ ఇదే పాట. జపనీస్‌లో చూస్తేనే ఫ్యాను, తెలుగులో చూస్తే పామరుడు.

ఓమ్స్_లా (కర్నూలు)
పామరుడు అనలేదు. నటుడు ఏడుపు ఆపుకునేటప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతుందో, మైకుకు ఎంత దగ్గరగా గుసగుస పెడతాడో, హెడ్‌ఫోన్ డబ్బులు అక్కడ కిట్టుబాటవుతాయి. డబ్బింగులో అది పోతుంది. గొంతు వేరే స్టూడియోలో, వేరే గదిలో పడుతుంది.

పైమిద్దె (ప్రొద్దుటూరు)
గొంతు మాత్రమే వేరు. డబ్బింగుకు జపాన్ నుంచి మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాక్ విడిగా ఇస్తారు. బీజీఎం, కత్తి చప్పుళ్లు, వాన, అడుగులు అన్నీ అవే. వాటికి మంచి హెడ్‌ఫోన్ ఏ భాషలో చూసినా పనికొస్తుంది.

ఓమ్స్_లా (కర్నూలు)
గొంతు "మాత్రమే" అంటే ఎట్లా?

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
నీకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పరుగెత్తుతాంటే చదవడం వస్చాది. మా ఇంట్లో అవ్వకు రాదు, చిన్నోనికి రాదు. టీవీలో తెలుగు పెడితే ముగ్గురం కూచోని చూస్తాం. నెక్‌బ్యాండ్ నాకు ఫోన్ మాట్లాడనీకే, యానిమేకి సగంసార్లు పెట్టనే పెట్టను. నీకేమో యానిమే అంటే చెవులు మూసుకోని ఒక్కనివే తలుపేసుకోని చూసేది. నీ హెడ్‌ఫోన్ నీకు బాగుండాది, ఎవడూ కాదనల్యా. కానీ రాత్రి పదిన్నరకే ఈ ఫోరంలో కొత్త థ్రెడ్ తెరిచి టైటిల్‌లోనే ఎవడు సచ్చినాడో రాస్తావు చూడు, నాకు మంట ఆడ. తెలుగు ట్రాక్ వచ్చేసరికి వారాలు పడతాది. అప్పటికి మాకు చూసేదానికి ఏమి మిగులుతాది?

బురుజు_నీడ (కర్నూలు)
ఇదా సంగతి. నేను ఇంకా బ్లూటూత్ మీద కోపం అనుకుంటినే.

ఓమ్స్_లా (కర్నూలు)
వచ్చిన రోజే మాట్లాడుకోవడానికే కదా వారం వారం చూసేది. డబ్బింగు వచ్చేదాకా ఆగితే సీజనల్ అని పేరెందుకు, సీజన్ అయ్యాక మొత్తం ఒకేసారి చూసుకోవచ్చు. బ్లూరే వచ్చేదాకా ఆగితే ఇంకా మేలు, 1536 కేబీపీఎస్ పీసీఎమ్, కుదింపే ఉండదు. థ్రెడ్ తెరవొద్దంటే నా వల్ల కాదు.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
తెరువు. టైటిల్‌లో రాయాకు. అంతే నేననేది.

ఓమ్స్_లా (కర్నూలు)
టైటిల్ చూస్తేనే కదా జనం లోపలికి వచ్చేది.

మోడరేటర్
టైటిల్‌లో సిరీస్ పేరు, ఎపిసోడ్ నంబరు, భాష మాత్రమే. ఈ సీజన్ నుంచి ఇదే నియమం. దాటితే టైటిల్ నేనే మారుస్తా. డబ్బింగుకు విడి థ్రెడ్ ఉంటుంది. హెడ్‌ఫోన్ మాటలు ఇక్కడ కొనసాగించొచ్చు.

ఓమ్స్_లా (కర్నూలు)
నియమం పాటిస్తా. సరైన నియమమని మాత్రం ఒప్పుకోను.

నెక్‌బ్యాండ్_నాగ (కడప)
ఒప్పుకోమని ఎవరడిగినారు?

అనంత_25గంటలు (అనంతపురం)
నేను రెండు వేల లోపు ఐఈఎమ్‌కే పోతాండా. నా ఫోన్‌కు 3.5 రంధ్రం లేదు. ఈడ అంగట్లో టైప్-సీ కన్వర్టర్ చానా తక్కువకు ఇస్తామన్యారు, అది చాలునా?

పైమిద్దె (ప్రొద్దుటూరు)
దాంట్లో డీఏసీ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే చిప్) ఉందో లేదో అడుగు. చిప్ లేని ఉత్త వైరు కన్వర్టర్లు ఉంటాయి, అవి టైప్-సీ నుంచి అనలాగ్ శబ్దం పంపే ఫోన్లలోనే పలుకుతాయి. మిగతా వాటిలో పెడితే మోగదు, శబ్దం ఫోన్ స్పీకర్ నుంచే వస్తుంది. అంగట్లోనే నీ ఫోన్‌కు పెట్టి వినిపించమను. ఆపిల్ డాంగిల్‌లో డీఏసీ ఉంది, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ సగానికే ఆగుతుంది. ఐఈఎమ్‌కు ఆ సగం సరిపోతుంది, 300 ఓమ్స్ దానికి చాలదు.