ట్రింకోమలీ 1:96: ముక్కు దగ్గర పట్టీల అంచు లేస్తున్నది

పాలమూరు_ఓడ:
నెట్‌లో దొరికిన లెడా తరగతి ఫ్రిగేట్ (తెరచాపల యుద్ధనౌక) ప్లాన్ ప్రింటు తీయించి ట్రింకోమలీ అనే పాత ఓడ నమూనా 1:96ల, అంటే అసలుల 96వ వంతు కొలతల కడుతున్న. 3 మి.మీ. ప్లైవుడ్ బల్క్‌హెడ్లు (ఓడ అడ్డకోత ఆకారపు చట్రాలు), వాటి మీద అంటించే 5×1 మి.మీ. టేకు పట్టీలు. నడుమ మంచిగనే కూర్చున్నయి గానీ పట్టీతోని కలిపి వెడల్పు 129 మి.మీ. వస్తున్నది. ముక్కు దగ్గరేమో పట్టీ కింది అంచు లేస్తున్నది. తేడా ఎక్కడ?

దేవరకొండ_డ్రాఫ్ట్స్‌మన్:
ముందుగాల ప్రింటు కొలువు తమ్మీ. ప్లాన్ కింద అడుగుల స్కేలు గీసి ఉంటది. 1:96లో 100 అడుగులు 317.5 మి.మీ. ఉండాలె. జిరాక్స్ షాపులల్ల ‘ఫిట్ టు పేజ్’ మీద కొట్టి ఇస్తరు, 3 శాతం తగ్గితే 476 మి.మీ. గన్‌డెక్ (ఫిరంగులుండే అంతస్తు) పొడుగు 462 అయితది. పొడుగూ అడ్డమూ రెండూ కొలువు, రోలు ప్రింటర్లు ఒక దిక్కు సాగదీస్తయి. ఇంకొకటి, ప్రింటును ప్లైవుడ్‌కు ఫెవికాల్‌తోని అంటియ్యకు. తడికి కాగితం ఉబ్బుతది. పంక్చర్ సొల్యూషన్ పల్చగ రాయి.

గద్వాల_దారం:
నేననేది వేరు. 1800 నాటి నౌకాదళ డ్రాయింగులల్ల గీతలు ఫ్రేముల (ఓడ పక్కటెముకల) బయటి అంచు వరకే ఉంటయి, పలక మందం వాటిల కలవది. 1 మి.మీ. పట్టీ అంటే 1:96లో దాదాపు 4 అంగుళాలు, అసలు ఓడ పలక కూడా అంతే. కాబట్టి బల్క్‌హెడ్ ఏం గీకొద్దు.

దేవరకొండ_డ్రాఫ్ట్స్‌మన్:
పాత డ్రాయింగుకైతే ఆ మాట నిజమే. కొత్తగ తిరగగీసినోళ్లు చాలామంది పలక బయటి అంచు వరకు గీస్తరు. గుర్తుపట్టుడు అల్కనే: ఓడ వెడల్పు 40 అడుగులు, అంటే 127 మి.మీ. బాడీ ప్లాన్‌ల (అడ్డకోతల బొమ్మల) నడిమి స్టేషన్ (కోత గీత) 127 చూపిస్తే పలక కలిసినట్టు. దాదాపు 2 మి.మీ. తక్కువ చూపిస్తే ఫ్రేము గీత.

పాలమూరు_ఓడ:
స్కేలు సరిగ్గ 317.5. బాడీ ప్లాన్ 127.

దేవరకొండ_డ్రాఫ్ట్స్‌మన్:
అయితే ప్రతి బల్క్‌హెడ్ అంచు చుట్టూ 1 మి.మీ. లోపలికి గీసి కొయ్యి. డెక్ గీతను మాత్రం ముట్టుకోకు.

నల్లమల_కొయ్య:
ముక్కు సంగతి నేను చెప్త. అక్కడ మూడు పనులు కలవాలె.

ప్లైవుడ్‌కు 3 మి.మీ. మందం ఉంది, గీత మాత్రం ఒక్క ముఖానిదే. ముక్కు వైపు బల్క్‌హెడ్ల వెనక ముఖం స్టేషన్ గీత మీద నిలబెట్టాలె, ముందు అంచును ఏటవాలుగ ఆకురాయితోని అరగదీయాలె. వెనక వైపు బల్క్‌హెడ్లకు ఇది తలకిందులు. సన్నని బద్ద ఒకటి అడ్డంగ పట్టి చూడు, ప్రతి అంచుకూ నిండుగ ఆనాలె. ఆనకుంటే వెలుతురు కనబడతది.

రెండోది సన్నం చేసుడు. నడుమ కీల్ (అడుగు దూలం) నుంచి వేల్ (పక్కన మందపు పలకల వరుస) వరకు చుట్టుకొలత 95 మి.మీ. ఉందనుకో, 5 మి.మీ. పట్టీలు 19 పడతయి. ముక్కు దగ్గర అదే కొలత 57 ఉంటే ఒక్కోటి 3 మి.మీ.కు సన్నం కావాలె. సన్నం చెయ్యకుండ పక్కకు వంచితే ఒక అంచు లేస్తది, నీకు అయ్యేది ఇదే. సగం వెడల్పు, అంటే 2.5 కంటే సన్నం చెయ్యకు. అంత అవసరమొస్తే ఒక పట్టీని మధ్యలనే ఆపి పక్కదాన్ని వెడల్పు చెయ్యి.

మూడోది ఆధారం. మొదటి మూడు బల్క్‌హెడ్ల నడుమ పొనికి కర్ర ముక్కలు నింపి ఆకారానికి చెక్కు. పొనికి పట్టీలకు పనికిరాదు, మరీ మెత్తన, కానీ ఇక్కడ దాన్ని మించింది లేదు.

టేకు ఎందుకు పెట్టినవో సమజైంది, అసలు ఓడ మలబారు టేకుదే. కానీ టేకు రంధ్రాలు 1:96లో కాలువల్లెక్క కనబడతయి. బండారు కర్ర చూడు, దువ్వెనలు చేసేది, పసుపు రంగు, సన్నని నార. కోత మిల్లుల పాత ముక్క దొరికితే వదలకు. వానకాలం కోసిన పట్టీని అప్పుడే అంటిస్తే మే నెలల, మన దిక్కు ఎండకు, సందులు విచ్చుకుంటయి. ఇంట్లనే నెలలపాటు ఆరనియ్యి. డెక్ మూసే ముందు లోపలి వైపు కూడ సీలర్ కొట్టు.

పాలమూరు_ఓడ:
సమజైంది అన్నా. తాళ్ల పట్టికల మెయిన్ స్టే (నడిమి స్తంభాన్ని ముందు దిక్కు పట్టి ఉంచే తాడు) 15 అంగుళాలు అని ఉంది. 96తోని భాగిస్తే 4 మి.మీ. వస్తున్నది, అంత లావా?

గద్వాల_దారం:
కాదు. ఆ కాలం పట్టికలల్ల తాడు కొలత చుట్టుకొలత, వ్యాసం కాదు. ముందు 3.14తోని భాగించు: 15 అంగుళాల తాడు 1.26 మి.మీ. అయితది. నూలు దారం వద్దు, వానకు ఒకతీరు ఎండకు ఒకతీరు సాగుతది, నూగు కూడ లేస్తది. పాలిస్టర్ తీసుకో, మూడు పోగులు కలిపి, పోగుల పురికి ఎదురు దిక్కు పేను. లేకుంటే చేతుల్నే విప్పుకుంటది.

దేవరకొండ_డ్రాఫ్ట్స్‌మన్:
ఏ సంవత్సరపు రూపం కడుతున్నవో ఇప్పుడే తేల్చుకో. 1817ల బొంబాయి వాడియా ఓడల యార్డుల నీళ్లల్లకు దిగినప్పుడు 38 ఫిరంగుల ఫ్రిగేట్. 1840లల్ల 26 ఫిరంగుల కార్వెట్‌గ (ఫ్రిగేట్ కంటే చిన్న తరగతి యుద్ధనౌకగ) మార్చిర్రు. ఇంగ్లండ్‌ల హార్ట్‌లీపూల్‌ల ఇప్పుడున్న ఓడ ఫోటోలు చూసి ఫిరంగి కిటికీలు లెక్కపెట్టకు. (ఈ ఓడ కోసం పంపిన మొదటి ప్లాన్ ప్రతి 1812ల జావా అనే ఫ్రిగేట్‌తోనే పోయింది, మళ్లొకటి పంపిర్రు. నీ ప్రింటు నయం.)

పాలమూరు_ఓడ:
1817దే. అడుగున రాగి రేకులు ఏ కొలత?

నల్లమల_కొయ్య:
4 అడుగులు × 14 అంగుళాలు. నీకు 12.7 × 3.7 మి.మీ. వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు రా, ముందు రేకు అంచు వెనక రేకు మీదికి ఎక్కాలె. వేలి చెమటకు రాగి నల్లబడుతది, అంటించంగనే స్పిరిటు గుడ్డతోని తుడువు.