ఐర్లాండ్‌లో నెల రోజులు: ఆటలు, జాతరలు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

బొంకులదిబ్బ:
చెల్లి డబ్లిన్‌లో ఉంటుంది. జులై 12 నుంచి ఆగస్టు 14 దాకా అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్తున్నా. వీసాలు వచ్చేశాయి, టికెట్లు కొనేశాం. ఎవర్ని అడిగినా మోహర్ కొండ అంచులు, గిన్నెస్ ఫ్యాక్టరీ తప్ప ఇంకో మాట చెప్పట్లేదు. మా ఇంట్లో ఎవరూ తాగరు, నాన్నకి ఎత్తు మీంచి కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాబట్టి ఆ రెండూ పోయినట్టే.

నాన్న ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారు. యూట్యూబ్‌లో హర్లింగ్ మ్యాచ్ ఒకటి చూసి "ఇది హాకీయా, కర్రాబిళ్ళా, కొట్లాటా?" అని అడిగారు, అప్పటినుంచి అదే పట్టు. అమ్మకి పైడితల్లి సిరిమాను తప్పితే పండగే పండగ కాదు, అలాంటిదేమైనా అక్కడ ఉందా అని అడుగుతోంది. పాత కట్టడాలు కూడా చూస్తాం గానీ రోజుకి ఒకటి చాలు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అక్కడున్నవాళ్ళు చెప్పండి.

లిఫీ ఒడ్డు:
పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు: మూడూ. జట్టుకి 15 మంది. చేతిలో యాష్ చెక్కతో చేసిన హర్లీ, చిన్న తోలు బంతి. దాన్ని చేత్తో పట్టుకోవచ్చు, కానీ పట్టుకుని నాలుగడుగులకి మించి పరిగెత్తకూడదు. అందుకని కర్ర చివర బంతిని నిలబెట్టుకుని పరిగెడతారు, అదే చూడాలి. కింద వలలోకి కొడితే గోల్, అంటే 3 పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి పోతే 1 పాయింటు. బోర్డు మీద 2-18 అని ఉంటే 2 గోల్స్, 18 పాయింట్లు, మొత్తం 24 అన్నమాట. ఇది తెలియక నేను మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టుకి చప్పట్లు కొట్టి వచ్చాను. హెల్మెట్ 2010 నుంచే తప్పనిసరి చేశారు, అంతకుముందు ఎలా ఆడారో ఆ దేవుడికే తెలియాలి.

మాస్టారికి ముఖ్యంగా చెప్పాల్సింది వేరే ఉంది. వీళ్ళెవరికీ జీతాల్లేవు. 82 వేలమంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడినవాడు వారం తిరిగేసరికి ఏ బళ్ళోనో పాఠం చెప్పుకుంటూ ఉంటాడు. మామూలుగా ఎవడి కౌంటీకి (మన జిల్లా లాంటిది) వాడు ఆడతాడు, ఐపీఎల్‌లా వేలం ఉండదు. రెండు జట్ల అభిమానులూ పక్కపక్కనే కూర్చుంటారు, మధ్యలో పోలీసు గోడ ఉండదు.

ఆల్ ఐర్లాండ్ హర్లింగ్ ఫైనల్ ఒకప్పుడు సెప్టెంబరులో ఉండేది, ఈమధ్య జులైలోనే అవుతోంది, మీరు వచ్చాకే పడొచ్చు. కానీ ఆ టికెట్ మీద ఆశ పెట్టుకోకండి. చాలావరకు ఊళ్ళ క్లబ్బుల ద్వారానే పంచుతారు, బయట బ్లాకులో కొని మోసపోవద్దు. ఫైనల్ రోజు పబ్‌లో పెద్ద టీవీ ముందు కూర్చోండి. పబ్ అంటే మన వైన్ షాపు అనుకోకండి, ఆదివారం మధ్యాహ్నం తాతలు, మనవలు కూర్చుని భోంచేస్తుంటారు, టీ అడిగినా ఇస్తారు. కౌంటీల పోటీ ముగిశాక క్లబ్ మ్యాచ్‌లు ఊపందుకుంటాయి. డబ్లిన్‌లోనే డొనికార్నీలో పార్నెల్ పార్క్ అని చిన్న మైదానం ఉంది, అక్కడ మ్యాచ్ ఉందేమో చూసుకోండి. కర్ర కర్రకి తగిలిన చప్పుడు మీ కుర్చీ దాకా వినిపిస్తుంది. నన్నడిగితే క్రోక్ పార్క్ కంటే ఇదే మేలు.

అలాగని క్రోక్ పార్క్ మానేయొద్దు, మ్యాచ్ లేని రోజు టూరు, మ్యూజియం ఉంటాయి, కర్ర పట్టి బంతి కొట్టి చూడొచ్చు కూడా. 1920 నవంబరు 21న గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లాండ్ వాళ్ళ సొంత ఫుట్‌బాల్) మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి కాల్పులు జరిపితే 14 మంది చనిపోయారు, వాళ్ళలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఒకవైపు స్టాండుకి అతని పేరే. 2007లో అదే మైదానంలో ఇంగ్లండ్ రగ్బీ జట్టు ఆడింది, వాళ్ళ జాతీయ గీతం మొదలైతే ఏమవుతుందోనని దేశమంతా టెన్షన్. జనం మర్యాదగా నిలబడ్డారు, తర్వాత ఐర్లాండ్ 43-13తో ఉతికి ఆరేసింది.

కెర్రీ కోడలు:
అమ్మగారి సంగతి నేను చెప్తాను. సిరిమాను అన్నారు కదా, మా పక్కన కిలోర్గ్లిన్ అని చిన్న ఊరు, అక్కడ ఏటా ఆగస్టు 10, 11, 12 తేదీల్లో పక్ ఫెయిర్. కొండల్లోంచి ఒక అడవి మేకపోతుని పట్టుకొచ్చి, దానికి ఒక బడిపిల్ల చేత కిరీటం పెట్టించి, రాజుని చేసి నడివీధిలో ఎత్తైన మంచె మీదకి ఎక్కిస్తారు. సిరిమాను మీద పూజారి, ఇక్కడ మేకపోతు, అంతే తేడా! బలి ఇవ్వరులెండి, తర్వాత దింపేసి మళ్ళీ కొండల్లో వదిలేస్తారు. మొదటి రోజు గుర్రాల సంత, రెండో రోజు పశువుల సంత, రంగులరాట్నాలు, వీధుల్లో పాటలు, అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉండే పబ్‌లు. 1613 నాటి రాజపత్రంలోనే ఈ సంత ప్రస్తావన ఉంది, అసలు ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవాడు లేడు. ఇంగ్లండ్ సేనాని క్రాంవెల్ సైన్యం వస్తుంటే ఒక మేక ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి జనాన్ని హెచ్చరించిందని ఒక కథ మాత్రం చెప్తారు.

కిలోర్గ్లిన్‌లో రూములు దొరకవు, కిలార్నీలోనో ట్రాలీలోనో దిగి బస్సులో వెళ్ళండి. అమ్మగారిని పొద్దున, మధ్యాహ్నం తిప్పండి, సాయంత్రం ఎనిమిది దాటితే తాగినవాళ్ళ తోపులాట ఎక్కువ. వేసవే అయినా స్వెట్టరు, వాన కోటు రెండూ సంచిలో ఉండాలి.

మునగాకు:
కెర్రీ అక్కా, ఆ మేకని మంచె ఎక్కించడం మీద ఇక్కడివాళ్ళకే బోలెడు అభ్యంతరాలు ఉన్నాయి కదా. 2022లో ఎండలు మండితే మధ్యలో దింపాల్సి వచ్చింది. నేనైతే వెళ్ళను.

బొంకులదిబ్బ గారూ, ఇంకో మాట. బెల్‌ఫాస్ట్, జెయింట్స్ కాజ్‌వే కూడా ఐర్లాండే కదా అని టూరు బుక్ చేసేయకండి, అది ఉత్తర ఐర్లాండ్, అంటే యూకే. దారిలో గేటూ, చెక్‌పోస్టూ ఏమీ కనిపించవు, కానీ ఇండియన్ పాస్‌పోర్టుకి యూకే అనుమతి ఉండి తీరాలి. వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ఉంటే రెండూ చెల్లుతాయి, లేకపోతే వద్దు. మా అత్తమామల కోసం టూరుకి డబ్బు కట్టేశాక నాకు ఈ సంగతి తెలిసింది, ఆ డబ్బు పోయింది, ఇంట్లో నా పరువూ పోయింది.

కెర్రీ కోడలు:
అభ్యంతరం ఉన్న మాట నిజమే తమ్ముడూ, మా ఆయనా నీలాగే అంటాడు. నేను మేక కోసం వెళ్ళను, గుర్రాల బేరం చూడ్డానికి వెళ్తాను. అరచేతిలో ఉమ్మేసుకుని చెయ్యి కలిపితే బేరం కుదిరినట్టు. మన అంగడిలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకున్నట్టే.

పాత పేపర్లు:
ఆలస్యంగా చూశాను. మీది విజయనగరం అయితే ఒకటి తప్పక చెప్పాలి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వచ్చారు. 1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది, ఐరిష్ విప్లవకారులతో సంబంధాలున్నాయని ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నారు. ఆ తిరుగుబాటుకి కేంద్రం ఓకానెల్ వీధిలోని పెద్ద పోస్టాఫీసు, ఇప్పటికీ ఉంది, దాని ముందు నిలబడి నాన్నగారికి ఈ కథ చెప్పండి. తర్వాత కిల్మేనమ్ జైలు చూడండి, తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని అక్కడి పెరట్లోనే కాల్చి చంపారు. జేమ్స్ కానొలీ గాయాలతో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి కాల్చారు. ఆ జైలు టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టీ పెట్టగానే అయిపోతాయి, ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి.

న్యూగ్రేంజ్ కూడా వదలొద్దు. సుమారు క్రీ.పూ. 3200 నాటి సమాధి, గీజా పిరమిడ్ల కంటే పాతది. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు పొడిచేటప్పుడు తలుపు పైన వదిలిన సందులోంచి వెలుగు 19 మీటర్ల దారి గుండా లోపలి గది దాకా వస్తుంది, ఆ రోజుల్లో లోపలికి వెళ్ళడానికి లాటరీ వేస్తారు. మీరు వచ్చేది వేసవి కాబట్టి కరెంటు దీపంతో చూపిస్తారు, అదీ బాగానే ఉంటుంది. దారి ఇరుకు, కొన్నిచోట్ల వంగాలి, మోకాళ్ళ సంగతి చూసుకోండి. కిల్డేర్ వీధిలో నేషనల్ మ్యూజియం ఉచితం, బోగులనే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళు చెడకుండా ఉన్న మనుషుల శరీరాలు ఉన్నాయి, అమ్మగారు జడుసుకుంటారంటే ఆ గది వదిలేసి బంగారు నగల వైపు నడిపించండి.

బొంకులదిబ్బ:
అందరికీ పెద్ద దండం. మా వీసాల మీద బీఐవీఎస్ లేదు, బెల్‌ఫాస్ట్ కొట్టేశా. ఆగస్టు 9 నుంచి 12 దాకా ట్రాలీలో రూము దొరికింది. మేకపోతు మంచె గురించి చదివి వినిపిస్తే అమ్మ "మరి దానికి కుడితీ, గడ్డీ ఎవరు పెడతారు?" అంది. కెర్రీ కోడలు గారూ, తెలిస్తే చెప్పండి, లేకపోతే అక్కడికొచ్చి ఆవిడే అడిగేలా ఉంది. నాన్న హర్లీ కర్ర ఒకటి కొని ఇంటికి తెస్తానంటున్నారు. చెక్-ఇన్ సామానులో పట్టే పొడవేనా అది?

లిఫీ ఒడ్డు:
పెద్దవాళ్ళది ఇంచుమించు మూడడుగులు ఉంటుంది, సూట్‌కేసులో ఐమూలగా పెడితే సరిపోవచ్చు. చేతి సామానులో మాత్రం పెట్టకండి. ఒకటి కాదు రెండు కొనమనండి, ఆడ్డానికి ఎదుటివాడు కూడా కావాలిగా.