షాపు కంప్యూటర్లో రైతుల బాకీల లెక్కలు, పోకుండా ఏం చేయాలి?

పత్తిచేను:
నమస్తే అండి. సత్తెనపల్లిలో మాకు విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో, ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లో. రైతులు వానాకాలం మొదట్లో సరుకు తీసుకెళ్ళి పంట అమ్ముకున్నాక కడతారు, ఎవరు ఎంత బాకీ అనేది అందులోనే ఉంటుంది, పుస్తకం రాసే అలవాటు మా నాన్నగారితోనే పోయింది. మొన్న మా వీధిలో సిమెంటు షాపాయన పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ఫైళ్ళన్నిటి పేర్ల చివర ఏవో నాలుగు అక్షరాలు, ఫోల్డర్లలో రీడ్‌మీ అని ఒక నోటు, 980 డాలర్లు కట్టు, 72 గంటల్లోపు అయితే 490 అని. బ్యాకప్ ఉందిలే అనుకున్నాడు పాపం, ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ సీపీయూకే పెట్టి ఉంచుతాడు, అదీ పోయింది. మాదీ విండోస్ 10. యాంటీవైరస్ కొంటే సరిపోతుందా? జీఎస్టీ పోర్టల్లో అన్నీ ఉంటాయి, భయం లేదు అంటున్నాడు ఆడిటర్ గారి దగ్గర పనిచేసే కుర్రాడు.

చిట్టా_ఆవర్జా:
అన్నీ ఎక్కడుంటాయండీ. మీరు కంపెనీల దగ్గర కొన్న బిల్లులు 2బీలో (పోర్టల్లో మీ కొనుగోళ్ళు చూపించే స్టేట్‌మెంటు) దొరుకుతాయి, జీఎస్టీ నంబరున్న డీలర్లకి అమ్మినవి బిల్లువారీగా ఉంటాయి. రైతుకి నంబరు ఉండదు కదా, వాళ్ళకి అమ్మిందంతా పన్ను రేటువారీగా కలిపి టోటల్ వేస్తాం, అంతే. ఫలానా ఆయన రెండు లీటర్ల మందు పట్టుకెళ్ళాడు, మూడు వేలు కట్టాడు అనే సంగతి పోర్టల్‌కి తెలీదు. మీ డబ్బంతా ఉన్నది ఆ లెక్కలోనే. సీజన్లో వారానికోసారి బాకీల లిస్టు ప్రింటు తీసి బీరువాలో పడేయండి, కాగితానికి వైరస్ రాదు.

సిస్టమ్స్_బావ:
ఆ నోటు చూస్తే స్టాప్ అనే రకం రాన్సమ్‌వేర్ (ఫైళ్ళు తెరవకుండా లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) లాగుంది, క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్లతో ఎక్కువగా వచ్చేది అదే. ఆయన్ని డబ్బు కట్టొద్దనండి, ఫార్మాట్ అసలే కొట్టించొద్దనండి. నెట్ పీకేసి డిస్కు తీసి పక్కన పెట్టాలి. నోటులో ఉన్న పర్సనల్ ఐడీ చివర టీ1 అని ఉంటే ఫ్రీ టూల్‌తో ఫైళ్ళు తిరిగొచ్చే ఛాన్స్ ఉంది, నోమోర్‌రాన్సమ్ సైట్లో చూడమనండి, లేకపోతే మాత్రం కష్టమే.

ఇక మీ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, సిస్టమ్ పాతదైతే 11 ఎక్కదు, ముందు అది చెక్ చేయించండి. యాంటీవైరస్ ఉండాలి గానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి, ఈరోజు ఒకటి రేపు ఒకటి, సాయంత్రం షట్టర్ వేసేముందు కాపీ తీసి డిస్కు ఊడబీకి ఇంటికి తీసుకెళ్ళండి. గూగుల్ డ్రైవ్‌లో సింక్ పెట్టాంలే, ఫైళ్ళు వాటంతటవే నెట్‌లోకి కాపీ అవుతాయి అంటారు చాలామంది, ఇక్కడ ఫైలు లాక్ అయితే అక్కడికీ లాక్ అయిందే వెళ్తుంది, పాత వెర్షన్లు కొన్నాళ్ళే ఉంటాయి. ఇంకోటి, సర్వీసు కుర్రాడు ఎనీడెస్క్‌లో (దూరం నుంచి మీ సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్) పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళాడేమో చూసి తీసేయండి, నేను వెళ్ళిన షాపుల్లో చాలా చోట్ల 1234 ఉంటుంది 🤦

మిర్చియార్డు:
యూపీఎస్ మర్చిపోయారు బావా. కరెంటు ఠక్కున పోతే ట్యాలీ డేటా పాడవుతుంది, వెంటనే రీరైట్ (పాడైన డేటాని సరిచేసే ట్యాలీ ఆప్షన్) కొట్టేస్తారు, దాంతో కొన్ని వోచర్లు (ఎంట్రీలు) ఎగిరిపోవచ్చు, ముందు ఫోల్డర్ కాపీ తీసుకుని అప్పుడు కొట్టాలి. అలాగే వాట్సాప్‌లో పీఎం కిసాన్ అని, చలాన్ అని ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి) వస్తున్నాయి, షాపు యూపీఐ ఉన్న ఫోన్లో వాటిని నొక్కొద్దని గుమాస్తాకి గట్టిగా చెప్పండి. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేటైతే ఆ డబ్బు నాలుగు అకౌంట్లు మారిపోతుంది.

పత్తిచేను:
థ్యాంక్సండీ అందరికీ. సిమెంటాయనకి ఐడీ సంగతి చెప్పా, చూస్తున్నాడు. బావా, బ్యాకప్ పనిచేస్తుందో లేదో రిస్టోర్ చేసి చూద్దామంటే ఇప్పుడున్న డేటా మీద పడి చెరిగిపోదా?

సిస్టమ్స్_బావ:
ఇప్పుడు డేటా ఉన్న ఫోల్డర్ దారే ఇస్తే పడుతుంది. డీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి దాంట్లోకి రిస్టోర్ చేయండి, కంపెనీని అక్కడినుంచి ఓపెన్ చేసి బాకీల టోటల్ బ్యాకప్ తీసిన రోజు ప్రింటుతో కలిసిందో లేదో చూడండి. కలవకపోతే ఇక్కడ పెట్టండి, చూద్దాం.